కాన్వెంటులో ఒక రాత్రి

మా తిరుపతిలో కాన్వెంటు అంటే బడి. మెడలో టై, కాళ్లకు నల్లబూట్లు, నెల మొదటి వారంలో కట్టవలసిన ఫీజు, ఈ మూడూ ఉంటే అది కాన్వెంటు. పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే రేకుల షెడ్డుకు కూడా మావాళ్లు ఆ పేరే పెట్టుకునేవారు కాబట్టి, ఆ మాటకు సన్యాసినులో సన్యాసులో కలిసి బతికే మఠం అనే అసలు అర్థం ఒకటుందని నాకు చాలా ఆలస్యంగా, తెలుగు పంతులమ్మగా ఉద్యోగంలో చేరాక, నిఘంటువు తిరగేస్తుండగా తెలిసింది. అందుకే 2018లో స్పెయినులోని మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోను చేసి, "మీరిద్దరూ అక్టోబరులో వస్తున్నారు కదా, గ్రనాడాలో ఒక రాత్రి కాన్వెంటులో ఉందాం, గది దొరికింది" అన్నప్పుడు నాకు ముందు నవ్వు వచ్చింది. ఎనభై రెండేళ్ల మా అమ్మకు ఆ సంగతి చెబితే ఆమె నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈ వయసులో కాన్వెంటేందిమే? ఎవురు చేర్చుకుంటారు నిన్ను?" అంది.

ఆ ప్రశ్న ఆమె ఊరికే అడగలేదు. 1964లో మా తమ్ముణ్ణి కాన్వెంటులో చేర్చారు. నన్ను అంతకు మూడేళ్ల ముందే మునిసిపల్ బడిలో వేశారు. మా నాయన రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా కాబట్టి ఆ జీతంలో ఒక ఫీజుకే మూలుగులు వినిపించేవి. రెండో ఫీజు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గోవిందరాజస్వామి గుడికి దగ్గరి సందులో మా ఇల్లు. మధ్యాహ్నం మా బడిలో గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, అమ్మ సర్దిపెట్టిన మూడు గిన్నెల క్యారియరు తీసుకుని తమ్ముడి కాన్వెంటు దాకా మోసుకుపోవడం నా పని. అక్కడి పెద్ద ఇనుప గేటుకు నా ఎత్తున చిన్న కిటికీ తలుపు ఒకటుండేది. కాపలా ఉండే తాత అందులోంచి చెయ్యి మాత్రం చాచి క్యారియరు అందుకుని తలుపు మూసేసేవాడు. అది మూసుకునే లోపల నాకు లోపలి దృశ్యం ఒక జానెడు కనిపించేది: కమానుల వరండా, వరసగా క్రోటన్ కుండీలు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే తెల్లటి అంగీలో చప్పుడు లేకుండా నడిచిపోయే ఒక సిస్టరు. ఐదేళ్లు క్యారియరు మోసినా ఆ గేటు దాటి ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. రమ్మన్నవాళ్లు లేరు, వస్తానని అడిగే ధైర్యం నాకు లేదు.

మాడ్రిడ్ నుంచి గ్రనాడాకు బస్సులో ఐదు గంటలు పట్టింది. దారి పొడవునా కొండల మీద దువ్వెనతో పాయలు తీసినట్టు ఆలివ్ చెట్లు వరసలు కట్టి ఉన్నాయి. చిత్తూరు దగ్గర పల్లెలో మామిడితోపుల మధ్య పుట్టిన మావారు కాసేపు వరసలు లెక్కపెట్టి, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎన్ని అడుగులు వదిలి ఉంటారో అంచనా వేసి, ఆ తరువాత నిద్రపోయారు. గ్రనాడా అంటే వాళ్ల భాషలో దానిమ్మపండు. ఊరికి తూర్పున కొండమీద అల్‌హంబ్రా కోట ఉంది. అరబ్బీలో ఆ పేరుకు ఎర్రనిది అని అర్థమట. సాయంత్రం ఎండలో ఆ గోడలు చూస్తే, అలిపిరి నుంచి పొద్దుటెండలో కనిపించే శేషాచలం బండల రంగు గుర్తుకు వచ్చింది.

మేము దిగిన హోటలు ఆ కోట గోడల లోపలే ఉంది. పద్నాలుగో శతాబ్దంలో అది గ్రనాడాను ఏలిన నాస్రిద్ వంశపు ముస్లిం సుల్తానుల మహలు. 1492 జనవరి 2న గ్రనాడా రాజ్యం క్రైస్తవ రాజదంపతులైన ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల వశమైన కొన్నేళ్లకే ఆ మహలు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠంగా మారింది. మూడు శతాబ్దాలకు పైగా మఠంగా నడిచాక, నెపోలియన్ సైనికులు వచ్చి దాన్ని బస చేసుకున్నారు. 1830ల్లో స్పెయిను ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకున్నప్పుడు సన్యాసులు పూర్తిగా వెళ్లిపోయారు, కట్టడం పాడుబడింది. దాన్ని 1920ల చివర నిలబెట్టినవాడు తోరెస్ బల్బాస్ అనే వాస్తుశిల్పి. కొత్తదాన్ని పాతదిలా నమ్మించకుండా, ఉన్నదాన్ని పడిపోకుండా కాపాడితే చాలనే పట్టుదల అతనిది. కొత్త గ్రానైటు పలకలు వేసి, పాత స్తంభాలకు రంగు పులిమి, దానికి జీర్ణోద్ధరణ అని పేరు పెట్టే మన పద్ధతి గుర్తుకు వచ్చి నాకు కొంచెం సిగ్గేసింది. 1945లో ప్రభుత్వం ఆ మఠాన్ని పరదోర్‌గా తెరిచింది. పరదోర్లంటే మన పర్యాటక శాఖవారి హోటళ్లలాగా అక్కడి ప్రభుత్వం నడిపే వసతి గృహాలు. కోటలు, మఠాలు, పాత ఆసుపత్రులు వంటివాటిని కూలగొట్టకుండా అందులోనే గదులు కట్టి అద్దెకిస్తారు. మొదటిది 1928లోనే మొదలయిందని మా అమ్మాయి చెప్పింది.

నిజం చెప్పాలంటే, సన్యాసుల ఇంట్లో బాటసారులు పడుకోవడం తిరుపతివాళ్లకు వింత కాదు. కొండమీద ఇన్ని కాటేజీలు లేని రోజుల్లో మఠాలూ సత్రాలే దిక్కు. అవ్వతో కాలినడకన కొండెక్కినప్పుడు నేను పడుకున్నది ఒక మఠం వసారాలోనే. చాపా, దుప్పటీ, తాళం కప్పా మనవే తెచ్చుకోవాలి. వాళ్లు ఇచ్చేది నాలుగు గోడలూ, నీళ్ల తొట్టీ. స్వామితో పాచికలాడిన బావాజీ కథ, బండెడు చెరుకు ఒక్క రాత్రిలో తినిపోయిన ఏనుగు కథ అవ్వ నాకు చెప్పింది ఆ వసారాలోనే. ఆ హాథీరాం బావాజీ పేరుమీద వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తొంభై ఏళ్లు తిరుమల గుడి పరిపాలన చూశారు. అంటే మఠమంటే పూజా జపమే కాదు. తాళాలు, లెక్కలు, గాదెలు, వచ్చేపోయే జనం, అన్నీ అందులో భాగమే. అందుకని గ్రనాడా మఠంలో స్వాగతపు బల్ల వెనుక సూటు వేసుకున్న కుర్రవాడు నా పాస్‌పోర్టు తీసుకుని పేరు రాసుకుంటున్నప్పుడు, సన్యాసులు పోయి గుమాస్తాలు మిగిలారనిపించింది కానీ మఠం పోయిందని మాత్రం అనిపించలేదు.

పేరు రాయించుకున్న తరువాత అతను ముందు నడుస్తూ, మమ్మల్ని కమానుల వరండాలోంచి గదికి తీసుకువెళ్లాడు. మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి, నాలుగు వైపులా స్తంభాల మీద కమానులు, మా వైపు తొట్టికట్టు ఇళ్ల పద్ధతే. ఆ వరండా మొదట్లో నా కాళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. మావారు వెనక్కి తిరిగి, "మోకాలు పట్టేసిందా?" అని అడిగారు. అవునన్నాను. జానెడు సందులోంచి చూసిన వరండాకూ దీనికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. ఇక్కడ క్రోటన్ కుండీలు కూడా లేవు. అయినా ఆ పది అడుగులు నేను చెప్పులు చప్పుడు కాకుండా నడిచాను.

గది చిన్నదే. మూరెడు మందం గోడలు, కర్ర తలుపుల కిటికీ, తెల్లటి పక్క. టీవీ ఉంది, స్నానాల గదిలో వేన్నీళ్లున్నాయి. సన్యాసులు చూస్తే ముక్కున వేలేసుకునేవారు. కిటికీ తెరిస్తే ఎదురుగా సుల్తానుల తోట, నల్లగా నిలువుగా సైప్రస్ చెట్లు. ఎక్కడినుంచో నీళ్ల చప్పుడు వస్తూనే ఉంది. దర్రో నదికి ఎగువన కట్ట వేసి, అక్కడినుంచి కొండవాలు వెంబడి ఎక్కడా ఎత్తిపోయకుండా కాలువ తవ్వి కోటకు నీళ్లు తెచ్చుకున్నది పదమూడో శతాబ్దపు మాట. నీళ్లకు కటకటలాడే సీమలో పుట్టినదాన్ని కాబట్టి, ఆ కోటలో చెక్కడాల కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ కాలువే.

రాత్రి భోజనంలో మాకు తగినవి వెదకడానికి మా అమ్మాయి వడ్డించేవాడితో చాలాసేపు మాట్లాడవలసివచ్చింది. ముందు వచ్చిన టమాటా చారు చల్లగా ఉంది. మావారు గిన్నె పట్టుకుని చూసి, "చల్లారిపోయింది, కాస్త వెచ్చబెట్టమను" అన్నారు. అది చల్లగానే తాగాలని చెబితే నమ్మలేదు. తరువాత వచ్చింది వంకాయ. పలచగా కోసి, పిండి అద్ది, కరకరలాడేలా వేయించి, పైన నల్లటి చెరకుపాకం పోసి తెచ్చారు. మావారి కళ్లు అప్పుడు వెలిగాయి. చిన్నతనంలో వాళ్ల ఊళ్లో గానుగ ఆడే రోజుల్లో, బెల్లం పెనం పక్కన కూర్చుని పాకం నాకిన మనిషి ఆయన. చెరుకు మన దేశం నుంచి పర్షియాకు, అక్కడినుంచి అరబ్బుల వెంట స్పెయినుకు చేరిందని, గ్రనాడాకు దక్షిణాన సముద్రతీరంలో వందల ఏళ్లు పండించారని మా అమ్మాయి చెబుతుంటే, ఆయన రెండో పళ్లెం కూడా తెప్పించుకున్నారు. వంకాయ మీద పాకం పోయడం మా ఇంట్లో ఎవరైనా చేసి ఉంటే మాత్రం అదే పళ్లెంతో నెత్తిన మొత్తేవారు.

సందర్శకులు అంతకు ముందే వెళ్లిపోయారు. పగలంతా వేలమంది తిరిగిన కోట దారులు ఖాళీ అయిపోయి, హోటలులో దిగినవాళ్లం, నాలుగు పిల్లులు మిగిలాము. మావారు పడుకున్నారు. నాకు నిద్ర పట్టక, స్వెట్టరు వేసుకుని మఠంలోని పాత ప్రార్థనాలయం వైపు వెళ్లాను. దాని పైకప్పు ఎప్పుడో పోయింది. గోడల మధ్య ఇప్పుడు ఆకాశమే ఉంది. లోపలి కొసన సుల్తానుల కాలపు మండపం ఒకటి మిగిలింది, తేనెపట్టును తలకిందులుగా వేలాడదీసినట్టున్న చెక్కడంతో. దాని కింద నేలమీద ఒక రాతి పలక ఉంది. ఇసబెల్లా రాణిని మొదట పూడ్చిపెట్టిన చోటు అది.

ఆమె 1504 నవంబరు 26న మెదీనా దెల్ కాంపో అనే ఊళ్లో పోయింది. తనను గ్రనాడా కోటలోని ఈ మఠంలోనే, సన్యాసుల ముతక అంగీ తొడిగి, ప్రతిమ ఏదీ నిలబెట్టకుండా, నేలకు సమంగా ఒక పలక మాత్రం వేసి పూడ్చాలని వీలునామాలో రాసుకుంది. గాలివానల్లో మూడు వారాలు మోసుకువచ్చి అలాగే చేశారు. 1516లో భర్త పోయాక ఆయననూ ఇక్కడికే తెచ్చారు. 1521లో ఇద్దరినీ ఊళ్లో కట్టిన రాజ ప్రార్థనాలయానికి మార్చి, ఆమె వద్దన్న ప్రతిమలనే పాలరాతిలో చెక్కించి పైన పడుకోబెట్టారు. మరునాడు వాటిని చూశాను, బాగానే ఉన్నాయి. మా కొండమీద మహాద్వారం దాటగానే కుడివైపు కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఈ రాణి పోయిన ఐదేళ్లకు పట్టానికి వచ్చినవాడు. క్యూలో తోపులాటలో ఆయన వైపు తల తిప్పేవాళ్లు నూటికి ఒకరుంటారో లేదో. ప్రతిమ పెట్టుకున్నవాడి గతీ, వద్దన్న రాణి గతీ చూస్తే, ఆ పలకే నయమనిపించింది.

ఆమెను గొప్ప మనిషి అని నేను అనలేను. లొంగిపోయిన ముస్లిములకు మీ మతం మీదేనని ఇచ్చిన మాట పదేళ్లు తిరక్కుండానే నీటి మూట అయింది. యూదులందరూ దేశం వదిలిపోవాలనే ఆజ్ఞ మీద ఆమె సంతకం చేసింది కూడా 1492 మార్చి 31న, ఈ కోటలోనే. అటువంటి మనిషి చివరకు తాను ఓడించిన వాళ్ల మండపం కింద పడుకోవాలని కోరుకుంది. "దైవం తప్ప విజేత లేడు" అని ఆ సుల్తానులు కోటలో కనబడిన గోడమీదల్లా చెక్కించుకున్న వాక్యాన్ని మా అమ్మాయి పగలు చదివించి చెప్పింది. గెలిచిన రాణి చెవిలో ఆ వాక్యం పన్నెండేళ్లు పడి ఉంటుంది కదా అనుకుంటూ, ఎవరూ చూడటం లేదు కనుక, ఆ పలకకు కొంచెం ఎడంగా నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాను. మఠంలో మఠం వేసుకుని కూర్చోవడం గురించి నా విద్యార్థులకైతే ఒక శ్లేష పాఠం చెప్పి ఉండేదాన్ని. రాయి చల్లదనం ఒంట్లోకి పాకే దాకా కూర్చుని, కమానుల వరండా మీదుగా, ఈసారి చెప్పులు బాగా చప్పుడు చేసుకుంటూ గదికి వచ్చి పడుకున్నాను.

తెల్లవారి పక్కనున్న శాంతా మారియా చర్చిలో గంటలు మోగితే లేచాము. గది ఖాళీ చేసి కిందికి ఊళ్లోకి దిగాక, ఇప్పటికీ మఠంగానే ఉన్న ఒక మఠానికి మా అమ్మాయి తీసుకువెళ్లింది. అక్కడి సన్యాసినులు బయటికి రారు, ఎవరికీ కనబడరు. మిఠాయిలు చేసి అమ్ముకుని బతుకుతారు. చీకటి నడవలో గోడకు గుండ్రంగా తిరిగే ఒక చెక్క అర ఉంది. దాన్ని తోర్నో అంటారు. గంట నొక్కితే లోపలినుంచి ముసలి గొంతు ఒకటి, "నిష్కళంక మరియమ్మకు జయం" అన్నట్టుగా పలకరించింది. మా అమ్మాయి దానికి చెప్పవలసిన జవాబు చెప్పి, ఏం కావాలో చెప్పి, డబ్బు అరలో పెట్టింది. అర తిరిగింది. డబ్బు లోపలికి పోయింది, అట్టపెట్టె బయటికి వచ్చింది. మావారు, "మన లడ్డూ కౌంటరులో చెయ్యైనా కనబడుతుంది" అన్నారు.

నేను మాత్రం ఏమీ అనలేకపోయాను. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలోని క్యారియరు బరువు అరచేతిలో అట్లాగే తెలిసింది. రాత్రి పడుకున్న కాన్వెంటులో అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి, తాళంచెవి నా చేతిలోనే ఉంది. కానీ నేనెరిగిన కాన్వెంటు ఇది. అప్పుడు గేటు లోపల చప్పుడు లేకుండా నడిచిపోయిన సిస్టర్లు నన్ను చూడలేదని నాకు చాలా ఏళ్లు కోపంగా ఉండేది. ఈ అర వెనుక ఉన్న గొంతు కూడా నన్ను చూడదు, చూసే వీలూ లేదు. అయినా మా అమ్మాయిని ఇంకోసారి గంట నొక్కమని, ఈ మిఠాయిలో గుడ్డు కలిసిందా అని అడిగించాను. ఆ ముసలి గొంతు నవ్వింది. ఎక్కువ వాటిలో కలుస్తుందని, బాదం, చక్కెర మాత్రమే ఉన్న పెట్టె వేరే ఉందని చెప్పి, అర తిప్పి మార్చి ఇచ్చింది. డబ్బు తేడా వచ్చిందేమో, చిల్లర కూడా లెక్కపెట్టి పంపింది.

తిరుపతికి వచ్చిన మరునాడు ఆ పెట్టె అమ్మ ముందు పెట్టాను. గుడ్డు లేదని మూడుసార్లు చెప్పించుకుని, ఒక బిళ్ల నోట్లో వేసుకుని, మన బాదం హల్వాకు నెయ్యి తక్కువైతే ఇట్లాగే ఉంటుందని తేల్చింది. తరువాత ఫీజు ఎంతని అడిగింది. గది అద్దె రూపాయల్లో చెబితే ఆమెకు రాత్రి నిద్ర పట్టదని, మనవరాలే కట్టిందని, నాకు తెలియదని చెప్పాను.

అమ్మ కాసేపు ఊరుకుంది. "మీ తమ్మునికి నెలకు ఎనిమిది రూపాయలు. నీకూ ఎనిమిదంటే పదారు. మీ నాయనకు అప్పుడు నూటా పది," అంది. ఐదు దశాబ్దాలు దాటినా ఆ లెక్క ఆమెకు పైసలతో సహా నోటికి ఉంది. "రిక్షా మాన్పించి వాణ్ణి నడిపిస్తే నాలుగు మిగిలేది. ఇంకో నాలుగుకే దారి లేకపాయె." ఆ లెక్క ఒకటి నడిచిందనే నాకు తెలియదు. అంతకాలం ఎవరూ ఎత్తలేదనుకున్న మాటను ఆమె ఎవరితోనూ కాకుండా తనలో తానే ఎన్నిసార్లు కూడి తీసివేసుకుందో. ఏం చెప్పాలో తోచక పెట్టె మూత పెడుతూ కూర్చున్నాను.

"పడక బాగుండిందా?" అని అడిగింది.

బాగుందన్నాను.

"పొద్దున గంట కొట్టినారా?"

"కొట్టినారమ్మా."

"అయితే కాన్వెంటే," అని ఇంకో బిళ్ల తీసుకుంది.